ఒక సర్టిఫికెట్టు, రెండు విద్యలు
నర్సింగూ మిడ్‌వైఫరీ మన చదువులో ఎలా కలిశాయి?

మన స్కూల్లో చదువుకున్న ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఒక పాత ఫైలు ఉంటుంది. అందులో కౌన్సిల్ వారిచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది. దాని మీద మనం నర్సులమనీ ఉంటుంది, మిడ్‌వైఫ్‌లమనీ ఉంటుంది. పేరు పక్కన ఆర్.ఎన్., ఆర్.ఎమ్. అని రాసుకోవడం మనకు ఇంటిపేరంత అలవాటు. కిందటేడు పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు ఇప్పుడు చదువుతున్న ఒక అమ్మాయి నన్ను అడిగింది: "మేడమ్, విదేశాల్లో ఈ రెండూ వేర్వేరు చదువులట కదా, మనకు మాత్రం కలిపి ఎందుకు పెట్టారు?" ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉండి కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సంచిక కోసం వ్యాసం రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు, ఆ అమ్మాయికి బాకీ పడిన జవాబే రాద్దామనుకున్నాను.

మంత్రసాని కాలం

పురుడు పోయడం మన ఊళ్ళలో ఆసుపత్రుల కన్నా ఎంతో పాతది. మంత్రసాని చేతుల్లోనే తరాలు పుట్టాయి. ఆమెకు అక్షరం రాకపోవచ్చు కానీ కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పగలిగేది. నొప్పులు పడుతున్న మనిషిని కంగారు పెట్టకుండా కూర్చోబెట్టేది, నడిపించేది, నడుం రాసేది. ఈ విద్య తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చేది. దానికి దక్కే ప్రతిఫలం ఒక చీర, చాటెడు బియ్యం. దక్కని గౌరవం మాత్రం చాలా. పురిటి మైల ముట్టుకునే మనిషి అని ఊరు ఆమెను దూరంగానే ఉంచింది.

ఆమెకు తెలియనిది కంటికి కనిపించని క్రిమి. కొడవలితోనో, వెదురు బద్దతోనో కోసిన బొడ్డు వల్ల పసిబిడ్డకు ధనుర్వాతం వచ్చేది. కడగని చేతుల వల్ల బాలింతకు జ్వరం వచ్చేది. "పెద్ద ప్రాణం దక్కితే చాలు" అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. తల్లీ బిడ్డల్లో ఎవరో ఒకరు పోవడం అంత మామూలుగా ఉన్న రోజుల్లో పుట్టిన మాట అది.

అయితే ఈ అజ్ఞానం మంత్రసానిది మాత్రమే కాదు. 1847లో వియన్నా నగరంలోని పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మిడ్‌వైఫ్ విద్యార్థినులు కాన్పులు చేసేవారు. బాలింత జ్వరంతో చనిపోయే తల్లులు వైద్య విద్యార్థుల విభాగంలోనే చాలా ఎక్కువ. కారణం వెతికిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్, శవపరీక్ష గది నుంచి నేరుగా పురిటి గదికి వస్తున్న చేతులే ఆ జ్వరాన్ని మోసుకొస్తున్నాయని గుర్తించాడు. క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించాక మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. ఆయన మాటను ఆనాటి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. మనం మొదటి సంవత్సరంలో చేతులు కడుక్కోవడమే ఒక పాఠంగా నేర్చుకున్నాం కదా, దాని వెనుక ఉన్న కథ ఇది.

నైటింగేల్ చేసిన ప్రయత్నం

మనం దీపం వెలిగించి ప్రతిజ్ఞ చేసినప్పుడు తలుచుకునే ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలు మొదలుపెట్టిందని మనందరికీ తెలుసు. ఆ తరువాత కొద్ది కాలానికే ఆమె ఇంకో పని కూడా చేసింది. దాని గురించి మన పాఠాల్లో అంతగా చెప్పరు. అదే లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఆమె ఒక ప్రసూతి వార్డు తెరిపించి, పల్లెటూళ్ళకు పంపడానికి మిడ్‌వైఫ్‌లను తయారు చేయాలని చూసింది. మామూలు రోగులుండే ఆసుపత్రిలోనే పురిటి వార్డు పెట్టారు. కొన్నేళ్ళు గడిచేసరికి అక్కడ బాలింత జ్వరం మరణాలు పెరిగాయి. 1867లో ఆ వార్డును మూసేశారు.

నైటింగేల్ అక్కడితో వదిలిపెట్టలేదు. ఎక్కడెక్కడ ఎంతమంది తల్లులు పోతున్నారో లెక్కలు తెప్పించుకుంది. 1871లో ప్రసూతి సంస్థల మీద ఒక పుస్తకమే ప్రచురించింది. పురిటి మనిషి రోగి కాదు, రోగుల మధ్య ఆమెను పడుకోబెట్టడమే ప్రమాదం అనేది ఆమె తేల్చిన విషయం.

ఈ ఒక్క ముక్కలో మన రెండు విద్యల మధ్య ఉన్న తేడా అంతా ఉంది. నర్సు దగ్గరికి వచ్చేది జబ్బు చేసిన మనిషి. మిడ్‌వైఫ్ దగ్గరికి వచ్చేది చాలావరకు ఆరోగ్యంగా ఉన్న మనిషి. ఒకచోట చికిత్స ముఖ్యం. ఇంకోచోట ఓపిక ముఖ్యం, అవసరమైన క్షణంలో చురుకు ముఖ్యం.

మద్రాసు నుంచి మన దాకా

మన జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి గనుక మన చరిత్ర మద్రాసులోనే మొదలవుతుంది. 1844లో అక్కడ ప్రసూతి ఆసుపత్రి వెలిసింది. అదే తరువాత ఎగ్మూరు ఆసుపత్రిగా పేరు పొందింది. 1854లో మంత్రసానులకు శిక్షణ ఇచ్చే స్కూలును ప్రభుత్వం మంజూరు చేసింది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలు మొదలైందనీ, అందులో తొలి చదువు ఆరు నెలల మిడ్‌వైఫరీ డిప్లొమా అనీ, చేరినవారు నలుగురేననీ మనం నర్సింగ్ చరిత్ర పాఠంలో చదువుకున్నాం. గమనించండి. మన ప్రాంతంలో నర్సు చదువు కన్నా ముందు వచ్చింది మిడ్‌వైఫ్ చదువు. మొదటి నర్సింగ్ స్కూలు మొదటి పాఠం కూడా కాన్పే.

ఎందుకంటే ఆడవాళ్ళు మగ డాక్టరు ముందుకు వచ్చేవారు కాదు. పరదా పాటించే ఇళ్ళ స్త్రీల కోసం కట్టిన ఆసుపత్రులను ఘోషాసుపత్రులన్నారు. విశాఖపట్నంలోనూ విజయనగరంలోనూ ఆ పేరు ఇప్పటికీ జనం నోట పలుకుతూనే ఉంది. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరున ఏర్పడిన నిధి, ఆడవాళ్ళకు ఆడవాళ్ళ చేతనే వైద్యం అందించే ఆసుపత్రులకు, శిక్షణకు సాయపడింది. అంతకు రెండేళ్ళ ముందే, 1883లో, డాక్టర్ ఆనా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆమె నిలబెట్టిన ఆసుపత్రి ఆమె పేరుతోనే ప్రసిద్ధమైంది. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సుల స్కూలు ప్రారంభించారు. ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ఆడ డాక్టరు లేక ప్రాణం విడిచారని తెలిసి ఆమె వైద్యం చదవాలని నిశ్చయించుకున్నారన్నది చాలామందికి తెలిసిన సంగతే.

ఒకే చట్టం కిందికి

ఇంగ్లండులో 1902లో మిడ్‌వైఫ్‌ల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం 1919 దాకా రాలేదు. అంటే అక్కడ రెండు వృత్తులు, రెండు చట్టాలు, రెండు రిజిస్టర్లు.

మనకు అలా జరగలేదు. 1926లో మద్రాసు నర్సుల, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. పేరులోనే ఇద్దరూ ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, చేసిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం కూడా నర్సులకు, మిడ్‌వైఫ్‌లకు, హెల్త్ విజిటర్లకు దేశమంతా ఒకే స్థాయి శిక్షణ ఉండాలన్న ఉద్దేశంతో వచ్చింది.

ఎందుకు కలిపారన్న ప్రశ్నకు జవాబు 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదికలోని లెక్కల్లో ఉంది. అప్పటికి దేశం మొత్తం మీద నర్సులు సుమారు 7,000 మంది. మిడ్‌వైఫ్‌లు 5,000 మంది. 43,000 మంది జనాభాకు ఒక నర్సు, 60,000 మందికి ఒక మిడ్‌వైఫ్. ప్రతి వెయ్యి కాన్పులకు ఇరవై మంది తల్లులు పోతున్నారని ఆ కమిటీ అంచనా. చదువుకున్న ఆడపిల్లలే అరుదు. అందులో ఇల్లు దాటి ఆసుపత్రిలో పనిచేయడానికి ఒప్పుకునేవారు మరీ అరుదు. అలాంటప్పుడు ఒక అమ్మాయిని నర్సుగా, ఇంకో అమ్మాయిని మిడ్‌వైఫ్‌గా విడివిడిగా తయారు చేసుకునే స్తోమత ఈ దేశానికెక్కడిది? తాలూకా ఆసుపత్రిలో ఉండేది ఒక్క నర్సమ్మ. పగలు ఆమె పుండుకు కట్టు కట్టాలి, రాత్రి పురుడు పోయాలి. ఆ ఒక్క మనిషికే రెండు విద్యలూ రావాలి. ముందు వచ్చింది ఆ అవసరం. సిలబస్ దాని వెనకాల వచ్చింది.

అదే 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్ మొదలై, నర్సు చదువు విశ్వవిద్యాలయం గడప తొక్కింది. మిడ్‌వైఫరీ కూడా దాంతోపాటే లోపలికి వెళ్ళింది. ఇది చిన్న విషయం కాదు. ఊరి చివర మైల మనిషిగా నిలబెట్టిన మంత్రసాని విద్యకు యూనివర్సిటీ పట్టాలో చోటు దొరికింది. మన రాష్ట్రంలో 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాక నర్సింగ్ కాలేజీలు దాని నీడలోకి చేరాయి. తెలంగాణ ఏర్పడ్డాక వరంగల్లులో కాళోజీ పేరున ఇంకొకటి వచ్చింది.

మన కేస్ బుక్కు

మా రోజుల్లో ముందు మూడేళ్ళ నర్సింగ్, చివరన మిడ్‌వైఫరీ. అబ్బాయిలకు మిడ్‌వైఫరీ ఉండేది కాదు. మేం లేబర్ రూముకు వెళ్ళే నెలల్లో వాళ్ళు మానసిక రోగుల వార్డుకు వెళ్ళేవారు. ఇప్పుడు అబ్బాయిలూ ఈ సబ్జెక్టు చదువుతున్నారు. ఆ కాలం వాళ్ళకు ఇది వింతగా తోస్తుందేమో గానీ, మంచి మార్పే.

కేస్ బుక్కు గురించి చెప్పకపోతే మన వాళ్ళెవరూ నన్ను క్షమించరు. ఇరవై కాన్పులు మన చేతుల మీదుగా జరగాలి. ఒక్కొక్క తల్లి వివరం, నొప్పులు మొదలైన వేళ, ఉమ్మనీరు పోయిన వేళ, బిడ్డ బరువు, మాయ పూర్తిగా వచ్చిందా లేదా, అన్నీ రాసి సిస్టర్ ట్యూటర్ గారి సంతకం తీసుకోవాలి. పందొమ్మిది పూర్తయి ఇరవయ్యోది దొరక్క, రాత్రి డ్యూటీ లేకపోయినా లేబర్ రూము బయట బెంచీ మీద కునుకు తీసినవాళ్ళం మనలో ఎంతమందిమో!

ఆ బెంచీ మీద నుంచి లేచి వెళ్ళిన ఒక రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. తొలిచూలు అమ్మాయి. నొప్పులు బాగా ముదిరాక తెచ్చారు. మంచం మీద పడుకోనంటుంది, కూర్చునే ఆయాసపడుతోంది. కాళ్ళు వాచి ఉన్నాయి. వెంట వచ్చిన తల్లి, "నొప్పులకు భయపడుతోంది నర్సమ్మా, అంతే," అంది. నేనూ అదే అనుకున్నాను. బిడ్డ పుట్టింది, ఏడ్చింది. నా చెయ్యి అలవాటుగా ట్రేలో ఉన్న మెథర్జిన్ ఇంజెక్షన్ మీదికి వెళ్ళింది. బిడ్డ పుట్టగానే రక్తం పోకుండా అది ఇవ్వాలని నా మిడ్‌వైఫరీ పాఠం. వెనక నుంచి సిస్టర్ గారు నా మణికట్టు పట్టుకున్నారు. "మెడికల్ వార్డులో మూడు నెలలు చేశావు కదమ్మా, ఈ ఆయాసం ఎక్కడా చూడలేదా?" అన్నారు.

చూశాను. కీళ్ళవాతం వల్ల గుండె కవాటం దెబ్బతిన్న ఆడపిల్లలను వారాల తరబడి చూశాను. దిండ్లు పేర్చి కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టాను. అలాంటి గుండె ఉన్నవాళ్ళకు ఆ ఇంజెక్షన్ ఇస్తే గర్భసంచితో పాటు రక్తనాళాలూ బిగుసుకుంటాయి, గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. వార్డులో నేర్చుకున్న విషయం లేబర్ రూములోకి నాతో రాలేదు. నా తలలో రెండు విద్యలూ రెండు వేర్వేరు అరల్లో ఉన్నాయి. ఆ రాత్రి సిస్టర్ గారు ఇంకో మందు నెమ్మదిగా ఎక్కించి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, డాక్టరు గారు వచ్చేదాకా పక్కనే నిలబడ్డారు. పెద్ద ప్రాణమూ దక్కింది, చిన్న ప్రాణమూ దక్కింది.

రెండు చదువులూ ఎందుకు కలిపారన్న ప్రశ్నకు నాకు తెలిసిన అసలు జవాబు అదే. ఒక సర్టిఫికెట్టు మీద రెండూ రాసి ఉన్నంత మాత్రాన కలిసినట్టు కాదు. అవసరమైన క్షణంలో ఒకే చేతిలో కలవాలి.

పలచబడిన విద్య

కలపడం వల్ల నష్టం లేదా అంటే, ఉంది. చరిత్ర రాసేటప్పుడు దాన్ని దాచకూడదు.

పల్లెల కోసం 1951లో ఏ.ఎన్.ఎమ్. చదువు వచ్చింది. రెండేళ్ళ శిక్షణ, ప్రధానంగా కాన్పుల పని. మన ఊళ్ళలో ఎందరో తల్లులకు తెలిసిన నర్సమ్మ ఆమే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తగా మార్చమని సిఫారసు చేసింది. 1977 నుంచి ఆ చదువు ఏడాదిన్నరకు తగ్గింది. టీకాలు, కుటుంబ నియంత్రణ, మలేరియా, రిజిస్టర్లు, అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. కాన్పు పని పక్కకు జరిగింది. పేరులో మిడ్‌వైఫ్ మిగిలింది గానీ, పనిలో మిడ్‌వైఫ్ తగ్గిపోయింది.

ఆసుపత్రుల్లో మనకూ అదే జరిగింది. లేబర్ రూములో చెయ్యి తిరిగిన నర్సును కొన్ని నెలలకే కళ్ళ వార్డుకో, ఆపరేషన్ థియేటరుకో మార్చడం మామూలే. నర్సు అంటే ఎక్కడైనా పనిచేయాలి అన్న మాట నిజమే. కానీ వంద కాన్పులు చూసిన చేతికీ పది చూసిన చేతికీ తేడా ఉంది. ఆ తేడా రోస్టరు రాసేవారికి కనిపించదు, నొప్పులు పడే తల్లికి తెలుస్తుంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగిన 1992-93లో దేశంలో ఆసుపత్రి కాన్పులు నూటికి 26 మాత్రమే. 2019-21 సర్వే నాటికి అవి దాదాపు 89కి చేరాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 96 దాటాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంలో 2004-06లో 254 ఉండగా, 2018-20 నాటికి 97కు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఈ అంకెల్లో మన చేతులు కూడా ఉన్నాయి. లేబర్ రూముల్లో గడిపిన రాత్రులకు ఇంతకన్నా మంచి పతకం ఏముంటుంది?

అయితే అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. సిజేరియన్లు దేశమంతటా నూటికి 21.5 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అవసరమైన చోట ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. కానీ నూటికి అరవై మంది తల్లులకు అవసరమైందా? పురిటి మనిషి రోగి కాదన్న మాటను మనం మరిచిపోయామా? ఓపిక పట్టి పక్కన కూర్చునే మనిషి తగ్గినప్పుడు కత్తి పని పెరుగుతుంది.

ఈ సంగతి గుర్తించినవాళ్ళూ మన దగ్గరే ఉన్నారు. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి వృత్తి మిడ్‌వైఫ్‌లను ప్రత్యేకంగా తయారు చేయడం మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం వారితోనూ యూనిసెఫ్‌తోనూ కలిసి 2017లో ప్రభుత్వ నర్సులకు కరీంనగర్‌లో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇప్పటికే నర్సులైనవారికి అదనంగా పద్దెనిమిది నెలలు నేర్పి, ఆ పనిలోనే నిలపాలన్నది అందులోని ఆలోచన. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పేరు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం. 1947 నాటి చట్టం పేరులో నర్సింగ్ ఒక్కటే ఉంది. డెబ్బై ఆరేళ్ళకు రెండో పేరు కూడా గడప మీదికి వచ్చింది.

చివరగా

ఆ అమ్మాయికి నా జవాబు ఇది. అమ్మా, ఈ రెండు చదువులను కలిపింది మన పేదరికం, మన అవసరం. కానీ కలిపాక అందులో ఒక మంచి దొరికింది. తల్లికి గుండె జబ్బున్నా, రక్తం తక్కువున్నా, షుగరున్నా ముందుగా గుర్తుపట్టగల మిడ్‌వైఫ్ తయారైంది. నొప్పికి మందే కాకుండా మాట కూడా ఇవ్వగల నర్సు తయారైంది. ఆ కలయిక నిలవాలంటే రెండింటిలో ఏదీ రెండోదాని వెనకాల దాక్కోకూడదు. కేస్ బుక్కులో ఇరవై అంకె నింపడం కాదు, ఇరవై మంది తల్లుల పక్కన కూర్చోవడం నేర్చుకో. మెడికల్ వార్డులో చూసింది లేబర్ రూములోకి నీతో తెచ్చుకో.

మన సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. ఈ యాభై ఏళ్ళలో మనవాళ్ళ చేతుల్లో ఎంతమంది బిడ్డలు కళ్ళు తెరిచారో ఎవరూ లెక్కపెట్టలేదు. స్వర్ణోత్సవం రోజున నాదొక చిన్న సూచన. మీ పాత కేస్ బుక్కులు అటకల మీద ఉంటే దుమ్ము దులిపి తీసుకురండి. తల్లుల పేర్లు బయటికి రాకుండా జాగ్రత్తపడి స్కూలు లైబ్రరీలో ఒక అర వాటికి ఇద్దాం. కొత్తగా చేరే పిల్లలు వాటిని తిరగేస్తే, ఈ విద్యకు ఎంత ఓపిక కావాలో అందులోని మన చేతిరాతే వాళ్ళకు చెబుతుంది.